మీకు తెలుసా? చిచ్చుబుడ్డి పూలు ఇనుప రజనే!

దీపావళి రాత్రి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వీధుల్లో చిచ్చుబుడ్డి చిమ్మే బంగారు పూలు నిజానికి మండుతున్న ఇనుప రజను. ఇనుములోని కర్బనం వల్లే ఆ రవ్వలు గాల్లో చీలి పూలలా విచ్చుకుంటాయి. వెండి తెలుపు మాత్రం అల్యూమినియం, మెగ్నీషియం పొడులది.

ఈ సీమకు బాణసంచా కొత్త కాదు. 1565 తర్వాత పెనుకొండ విజయనగర రాజధాని అయింది. అంతకు నూరేళ్లకు పైగా ముందే, 1443లో, పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ విజయనగరంలో మహానవమి బాణసంచా చూసి అబ్బురపడి రాశాడు.

అల్యూమినియం గిన్నెలో నిశ్చింతగా అన్నం వండుకుంటాం. అదే లోహం పొడిగా మారితే ఎందుకంత ప్రమాదం? సెంటీమీటరు ఘనాన్ని 0.1 మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే, గాలి తగిలే ఉపరితలం 6 నుంచి 600 చదరపు సెంటీమీటర్లకు పెరుగుతుంది. సన్నటి పొడి గాల్లోకి లేస్తే ఒక్క నిప్పురవ్వకే పేలిపోవచ్చు. మండుతున్నప్పుడు నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా ఎగస్తుంది. పొడి ఇసుకే కప్పాలి.

ఇంట్లో మందు కూరే సరదాకు వేళ్లు, కళ్లు పోగొట్టుకున్న పిల్లలున్నారు. పెద్దలు దీన్ని ఆటగా చూడకూడదు.

2008 పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం బాణసంచా తయారీకి లైసెన్సు తప్పనిసరి. గంధకంతో క్లోరేటు కలిపి మందు చేయడం 1992 నుంచే దేశంలో నిషిద్ధం.