చీలమండ మీద పుండుకీ ఒక నంబరు



అమీర్‌పేటలో మైత్రీవనం పక్కన ఎప్పుడైనా నడిచారా? తలెత్తితే ఆకాశం కన్నా బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. కంప్యూటరు కోర్సుల మధ్య 'మెడికల్ కోడింగ్' అన్న బోర్డులూ ఉంటాయి. మా ఆడపడుచు కూతురు ఆ క్లాసులో చేరినప్పుడు "రోగాలకు నంబర్లేమిటే, రేషను కార్డుల్లాగా!" అని నవ్వాను. మెట్రిక్‌తో చదువు ఆపేసినదాన్ని, నాకేం తెలుసు? ఆ నంబరు పంజగుట్టలోని మా ఇంటికే వస్తుందని అనుకోలేదు.

మా అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు. ఎప్పుడూ ఎడమవైపుకే ఒత్తిగిలి పడుకునేవారు. ఒకరోజు ఒళ్ళు తుడుస్తుంటే ఎడమ చీలమండ బయటి ఎముక మీద రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ కనిపించింది. దోమ కుట్టిందనుకుని కొబ్బరినూనె రాసి గట్టిగా రుద్దాను. నాలుగు రోజులకు పైచర్మం ఊడిపోయింది. డాక్టరుగారికి చూపిస్తే మందు రాసి, చీటీ మీద 'కాలి పుండు' అని వేశారు.

ఆ చీటీ చూసి మా పిల్ల, "అత్తయ్యా, ఈ ఒక్క మాటతో నేనైతే నంబరు వేయలేను" అంది. ఎందుకో చెబుతాను, వినండి.

జబ్బులకు అంతర్జాతీయ పట్టిక ఒకటుంది. 1893లో ఫ్రెంచివాడైన బెర్టిలాన్ తయారుచేసిన మరణ కారణాల జాబితా దానికి మూలం. ఇప్పుడు దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ చూస్తోంది. అమెరికావాళ్ళు దాన్నే ఇంకా వివరంగా పెంచుకుని 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్నారు. మన హైదరాబాదు పిల్లలు చాలామంది చేసేది ఆ దేశపు కేసు కాగితాల పనే.

ఆ పట్టికలో ఒత్తిడివల్ల వచ్చే పుండు 'ఎల్ 89'. చుక్క తర్వాత 5 వేస్తే చీలమండ, 6 వేస్తే మడమ. చూశారా, మనం రెంటినీ 'కాలే' అనేస్తాం! ఆ పక్క అంకె 1 అయితే కుడి, 2 అయితే ఎడమ. ఆఖరి అంకె లోతు చెబుతుంది. చర్మం చిట్లకుండా, వేలితో నొక్కినా పోని ఎరుపు ఉంటే 1. పైచర్మం లేచినా, పొక్కినా 2. చర్మం పూర్తిగా పోయి కొవ్వుదాకా దిగితే 3. కండరం, స్నాయువు, ఎముక బయటపడితే 4. నల్లటి పొర కప్పేసి లోతు తెలియకపోతే సున్నా. అంటే మా అత్తగారిది ఎల్ 89.522 అన్నమాట. లోతు రాయకపోతే 9 వేసి ఊరుకోవలసిందే.

చీలమండ దగ్గర ఇంకో మోసముంది. అక్కడ కొవ్వు చాలా తక్కువ. పుండు పైపైన ఉన్నట్టే ఉంటుంది గాని, కిందే ఎముక! అంచేత 'చిన్నదేలే' అనుకోకూడదు.

చీలమండ మీది ప్రతి పుండూ పడకవల్ల వచ్చింది కాదు. చక్కెర జబ్బుకు వచ్చేది వేరు, ఉబ్బిన సిరలవల్ల వచ్చేది వేరు. వాటి నంబర్లూ వేరు, వైద్యమూ వేరు. ఏదన్నది డాక్టరే తేల్చాలి.

ఈ అంకెల వెనక డబ్బు కూడా ఉంది. అమెరికాలో పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, ఆసుపత్రిలో చేరాక మూడో నాలుగో దశ పుండు వస్తే దానికయ్యే అదనపు సొమ్ము 2008 అక్టోబరు నుంచి ఇవ్వటం లేదు. చేరేనాటికే పుండు ఉందా అన్నది రాసి తీరాలి. కాగితం మీద లేనిదాన్ని కోడు చేసే పిల్ల ఊహించి వేయకూడదట.

మరి మొదట చూసేదెవరు? ఒళ్ళు తుడిచే మనమే గదా! రోజుకొకసారి మడమలు, చీలమండలు, తుంటి, నడుము కింది భాగం వెలుతురులో చూడండి. ఒంటి రంగు ముదురుగా ఉంటే ఎరుపు తెలియదు. అక్కడ నల్లబడిందా, వెచ్చగా, గట్టిగా ఉందా అని తడిమి చూడండి. నాలాగా రుద్దకండి, లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. రెండు గంటలకోసారి పక్క మార్చండి. మోకాళ్ళ మధ్యనుంచి పాదాలదాకా దిండు పెట్టండి. వెల్లకిలా పడుకుంటే పిక్కల కింద దిండు వేసి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. చర్మం చిట్లినా, చీము, వాసన, జ్వరం కనిపించినా ఆలస్యం చేయకండి.

పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరు మీదే నేనిప్పుడు 'ఎడమ చీలమండ, ఎరుపు' అని తేదీ పక్కన రాస్తున్నాను. ఆ క్యాలెండరు కాగితం పట్టుకెళితే, రెండోసారి డాక్టరుగారు చీటీలో అన్నీ వివరంగా రాశారు. మా అత్తగారి పుండు నెలన్నరకు మానింది. నంబరు వేసే పని అమీర్‌పేట పిల్లలది. చూసి, గుర్తుంచుకుని, చెప్పే పని మాత్రం మనది. ఏమంటారు?