రెండు పేర్లు, ఒకే మాత్ర

కువైట్ తెలుగువాళ్లలో జాబ్రియా పేరు వినని మనిషి ఉండరు. నాలుగో రింగ్ రోడ్డుకీ ఐదో రింగ్ రోడ్డుకీ నడుమ ఉన్న ఈ పేటలోనే ముబారక్ అల్ కబీర్ ఆసుపత్రి ఉంది. కువైట్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థులు పాఠాలు నేర్చుకునేదీ, సెంట్రల్ బ్లడ్ బ్యాంక్ నడిచేదీ ఇక్కడే. రక్తదాన శిబిరమంటే చాలు, వారంలో దొరికే ఒక్క సెలవునీ వదులుకుని చొక్కా చేయి మడిచి వరుసలో నిలబడే మనవాళ్లను ఈ బ్లడ్ బ్యాంక్ సిబ్బంది బాగా ఎరుగుదురు. రాజంపేట, రాయచోటి డ్రైవర్లు, గోదావరి జిల్లాల నర్సులు, జగిత్యాల ఎలక్ట్రీషియన్లు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఒకే వరుసలో కనిపించే చోటు అది.

అయితే జబ్బు చేసినప్పుడు మనవాళ్లు మొదట తట్టే తలుపు పేటలోని పాలీక్లినిక్‌ది. అరబ్బీ ఇళ్లలో పనిచేసే అక్కలు దాన్ని ముస్తౌసఫ్ అంటారు. జ్వరం, దగ్గు, బీపీ, షుగరు, గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు అన్నీ అక్కడే. పెద్ద డాక్టరు అవసరమైతే అక్కడి నుంచే ముబారక్‌కి చీటీ రాస్తారు. మనిషి నివసించే చోటికి దగ్గర్లోనే వైద్యం దొరకాలని 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు చేసిన ప్రకటనను కువైట్ చాలా దేశాలకన్నా బాగా అమలు చేసిందనే చెప్పాలి. అనంతపురం జిల్లాలో మండల కేంద్రానికి బస్సెక్కి వెళ్లి పీహెచ్‌సీ ముందు కూర్చున్న వాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుబాటులో ఇబ్బందులు లేవని కాదు. 2017 అక్టోబరులో ప్రవాసులకు క్లినిక్ రుసుము ఒక దీనారు నుంచి రెండుకి పెరిగింది. 2022 డిసెంబరులో మందులకు విడిగా అయిదు దీనార్లు జోడించారు. నెలకి నూటిరవై దీనార్ల జీతగాడు ఏడు దీనార్లు పెట్టాలంటే ఆలోచిస్తాడు. ఆలోచించి, పక్క మంచం వాడి దగ్గరున్న మాత్ర తీసుకుంటాడు. ఇక ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంగతి వేరు. 2015 నాటి 68వ నంబరు గృహ కార్మికుల చట్టం ప్రకారం వాళ్ల వైద్యం యజమాని బాధ్యత, వారానికో సెలవు వాళ్ల హక్కు. చట్టం చేతిలో ఉన్నా బతాకా, అంటే సివిల్ ఐడీ కార్డు, యజమాని బాబా దగ్గరో యజమానురాలు మామా దగ్గరో ఉంటే క్లినిక్ గుమ్మం దాటడం కష్టం. ఏ క్లినిక్‌కి వెళ్లాలో చెప్పేది బతాకా మీది చిరునామాయే కాబట్టి, ఇల్లు మారినప్పుడు పౌర సమాచార సంస్థ పాసీలో చిరునామా మార్చుకోవడం ఆరోగ్యానికి సంబంధించిన పని కూడా. 2024 నుంచి పాసీ పాత చిరునామాలను జాబితాలు ప్రకటించి మరీ తొలగిస్తోంది. గడువులోగా కొత్తది నమోదు చేయకపోతే 100 దీనార్ల దాకా జరిమానా.

ఈ ఇబ్బందుల గురించి సంఘాల్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఎవరూ మాట్లాడనిది ఇంకొకటి ఉంది. సెలవు నుంచి తిరిగొస్తూ పెట్టెలో బట్టల మధ్య సర్దుకొచ్చే మాత్రల సంచి అది.

ఈ వ్యాసకర్త వృత్తి ఫార్మసీ. సొంత ఇంట్లో జరిగిన సంగతే చెప్పుకోవాలి. బావగారు ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. షుగరుకి ఊళ్లో డాక్టరు రాసిన మాత్రలు ఆరునెలలకి సరిపడా తెచ్చుకున్నారు. ప్రయాణంలో, పెళ్లిళ్లలో కొన్నాళ్లు మాత్రలు తప్పాయి. తిరిగొచ్చాక పరీక్ష చేయిస్తే చక్కెర ఎక్కువగా ఉంది. ఇక్కడి డాక్టరు రెండు రకాల మాత్రలు రాశారు. ఊరి మందు ఊరిది, ఇక్కడి మందు ఇక్కడిది అనుకుని బావగారు మొత్తం వేసుకున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం పిల్లల్ని బడి నుంచి ఇంట్లో దింపి బండి దిగబోతుంటే ఏసీలోనే చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, రోజూ చూసే వాకిలి కొత్తగా కనిపించింది. వంటింట్లో పనిచేసే తణుకు అక్క గ్లాసుడు పంచదార నీళ్లు తాగించింది. తేరుకున్నారు. అంతా అయిపోయిందనుకున్న రెండు గంటలకి మళ్లీ అదే స్థితి. ఆ రాత్రి ఆసుపత్రిలో గడిచింది. మొదటిసారి వణుకు పుట్టడానికి పది నిమిషాల ముందు ఆ బండిలో ముగ్గురు పిల్లలున్నారు.

చక్కెర మళ్లీ ఎందుకు పడిపోయిందో తెలిసి ఉండటం అవసరం. ఊరి నుంచి తెచ్చిన మాత్రలోనూ, ఇక్కడిచ్చిన ఒక మాత్రలోనూ ఉన్నది గ్లిమెపిరైడ్ అనే ఒకే మందు. అది ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ బలవంతంగా విడుదల చేయిస్తుంది. దాని పట్టు గంటల తరబడి ఉంటుంది, కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ. పంచదార నీళ్లు ఇచ్చే ఆసరా కాసేపే. అందుకే ఈ రకం మాత్ర వేసుకునేవాళ్లకి చక్కెర పడిపోతే, తేరుకున్నారని వదిలేయకూడదు. ఏదైనా తినిపించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 112కి ఫోన్ చేయాలి.

ఇలాంటి జంటలు మన సంచుల్లో చాలా ఉన్నాయి. మనవాళ్లు తెచ్చుకునే గ్లైకోమెట్ జీపీలో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ ఉంటాయి. ఇక్కడ గ్లూకోఫేజ్ అంటే మెట్‌ఫార్మిన్, అమరిల్ అంటే గ్లిమెపిరైడ్. మూడు డబ్బాలు, మూడు రంగులు, లోపల రెండే మందులు. బీపీకి టెల్మా, మైకార్డిస్ రెండిట్లోనూ టెల్మిసార్టానే. డోలో అన్నా పెనడాల్ అన్నా పారాసిటమాలే. జలుబుకి వేసుకునే సినారెస్ట్‌లోనూ అదే దాక్కుని ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా పారాసిటమాల్ రోజుకి 4 గ్రాములు దాటకూడదు. ఒళ్లునొప్పులతో డోలో 650లు పూటకొకటి చొప్పున నాలుగు, వాటి మీద జలుబు మాత్రలు, రాత్రి రూమ్మేట్ ఇచ్చిన పెనడాల్ రెండు వేసుకునే మనిషి, కాలేయానికి ఎంత భారం వేస్తున్నాడో తెలియకుండానే ఆ గీత దగ్గరికి వెళ్లిపోతాడు.

డాక్టరు పట్టుకోలేరా అని అడగొచ్చు. క్లినిక్ కంప్యూటర్లో క్లినిక్ ఇచ్చిన మందులు కనిపిస్తాయి. కడపలో కొన్నవి అక్కడికి చేరవు. ఎదుట కూర్చున్న డాక్టరు ఈజిప్టు నుంచో సిరియా నుంచో వచ్చి ఉండవచ్చు, బయట వరుస పెద్దది, ‘వేరే మందులేమైనా వాడుతున్నారా’ అన్న ప్రశ్న అరబ్బీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. మనవాళ్లు మర్యాదకి తలూపుతారు. ఊరి మందులున్నాయంటే డాక్టరు కోప్పడతారేమోనన్న జంకు కూడా ఉంటుంది. ఈ సమస్య మన ఒక్కరిదే అయితే సిగ్గుపడవచ్చు, కానీ ఇది ప్రపంచమంతటా ఉన్నదే. మందుల వల్ల జరిగే, తప్పించగల తీవ్రమైన హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దేశాలన్నిటికీ పిలుపునిచ్చింది. 2022లో రోగుల భద్రతా దినం, అంటే సెప్టెంబరు 17, పూర్తిగా ఈ విషయానికే కేటాయించింది. రోగి ఒక చోటి నుంచి ఇంకో చోటికి, ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరుకి మారే సమయంలో ప్రమాదం ఎక్కువని ఆ సంస్థ హెచ్చరిస్తోంది. ఏడాదికో రెండేళ్లకో ఊరెళ్లి వచ్చే గల్ఫ్ మనిషి జీవితమంతా అలాంటి మార్పుల్లోనే గడుస్తుంది.

పేర్లతో పాటు అంకెలూ మోసం చేస్తాయి. మన ఊళ్లో చక్కెర 140, 200 అని మిల్లీగ్రాముల లెక్కలో చెబుతారు. ఇక్కడి లాబ్ కాగితాల మీద తరచుగా మిల్లీమోల్ లెక్క కనిపిస్తుంది. పరగడుపున 7 వచ్చిందని, ఏడే కదా అని నిశ్చింతగా ఉండిపోయినవాళ్లున్నారు. దాన్ని 18తో గుణిస్తే 126, మధుమేహం గీత సరిగ్గా అక్కడే ఉంది. 11 అంటే 198. మరోవైపు 3.9 అంటే 70, అంతకన్నా దిగితే వెంటనే తీపి తీసుకోవాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌కి లెక్క ఇంకోలా ఉంటుంది: ఇక్కడి మైక్రోమోల్ అంకెను 88.4తో భాగించాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చినవాళ్లకి ఈ అంకె ఎంత భయమో వేరే చెప్పాలా? ఇంట్లో అన్ననో బాబాయినో డయాలసిస్ మీద చూసినవాడు తన కాగితం మీద 97 చూసి నిద్రపోకుండా ఉంటాడు. అది మన లెక్కలో 1.1, మగవాళ్లకి మామూలే. అయితే 150 కనిపిస్తే అది 1.7. అప్పుడు మాత్రం నొప్పిమాత్రలు పక్కన పెట్టి వెంటనే డాక్టరుని కలవాలి.

ఇంకో ప్రమాదం విమానాశ్రయంలో మొదలవుతుంది. షుగరు వల్ల అరికాళ్లలో మంటలు పుడితే మన దగ్గర ప్రిగాబాలిన్ కలిసిన మాత్ర రాయడం మామూలు. మందుల షాపులో అది బీ విటమిన్‌తో కలిపి దొరుకుతుంది కాబట్టి చాలామంది దాన్ని బలం మాత్ర అనుకుంటారు. కువైట్‌లో ప్రిగాబాలిన్ మత్తుమందుల నియంత్రణ కింద ఉంది. లిరికా గుళికలు పట్టుకున్నామన్న కస్టమ్స్ వార్తలు ఇక్కడి పత్రికల్లో తరచూ వచ్చేవి ఈ మందు గురించే. నడుం నొప్పికి ఇచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, నిద్రకి వాడే అల్ప్రాజోలం కూడా ఆ కోవలోవే. ట్రమడాల్‌ని మన దేశం కూడా 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. సొంత మందే అయినా ప్రయాణానికి ముందే కువైట్ నియమాలు కనుక్కుని, అనుమతి లేనిది వదిలేసి రావాలి. తెచ్చుకునేది అసలు పెట్టెలోనే, మందు పేరుతో ఇంగ్లీషులో రాసిన డాక్టరు చీటీతోనే తేవాలి. ఇంకొకరి మాత్రల పొట్లం, ‘మా వాడికి ఇచ్చేయమ్మా’ అని చేతిలో పెట్టినా సరే, ముట్టుకోకూడదు. తెలిసిన ఇంటివాళ్లకి కాదనడం మన మర్యాదకి కష్టమే. అయినా కాదనాలి.

ఇంత చెప్పాక మనవాళ్ల శక్తి గురించి కూడా చెప్పాలి. బడి గడప తొక్కని రాయచోటి అక్క పదేళ్లలో కువైటీ అరబ్బీని ఇంటివాళ్లలా మాట్లాడుతుంది. క్లినిక్‌లో తోటి మనిషి బాధను డాక్టరుకి విడమరిచి చెప్పేది చాలాసార్లు ఆమే. ఇక్కడి ఇండియన్ డాక్టర్స్ ఫోరం వాళ్లు కార్మికుల కోసం ఉచిత శిబిరాలు పెడుతూనే ఉన్నారు. ఇక పాలీక్లినిక్‌లో గర్భిణి చేతిలో పెట్టే ఫోలిక్ యాసిడ్ మాత్రని మన పిల్లలకి ఒకసారి చూపించాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. బోదకాలు మందూ, మెథోట్రెక్సేటూ ఆ చోటి నుంచే వచ్చాయి. జాబ్రియా వైద్య కళాశాలలో చదివే విద్యార్థి ఏ దేశపువాడైనా, ఫార్మకాలజీలో ఆ తెలుగువాడి పని చదవకుండా డాక్టరు కాలేడు.

అలాంటి జాతి పిల్లలు తెలుగు అక్షరం రాకుండా పెరిగితే నష్టం పండగ పద్యాలతో ఆగదు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ మందుల సంచి విప్పి, ఆమెకి అర్థమయ్యేలా ‘పొద్దున, తిన్నాక, ఒకటి’ అని రాసిపెట్టేవాళ్లు ఇంట్లో ఉండరు. శుక్రవారం తెలుగు తరగతులు నడిపే మన కార్యకర్తలు అ ఆలతో పాటు ఈ పనీ పిల్లల చేత చేయిస్తే బాగుంటుంది. తల్లిదండ్రులు ఆ గంటకి పిల్లల్ని పంపితే ఇంకా బాగుంటుంది.

చేయాల్సింది ఒక అట్ట కార్డు. ఒక వైపు తెలుగులో, రెండో వైపు ఇంగ్లీషులో. రాయగల నేస్తం ఉంటే అరబ్బీ కూడా. అందులో రాయాల్సింది డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, దేనికోసం అన్నది. కలిపిన మాత్ర అయితే అందులోని మందులన్నీ వేరువేరు వరుసల్లో రావాలి. పడని మందులుంటే ఎర్ర సిరాతో పైన. మూలికల పొడులు, నాటు మందులు, మోకాళ్ల నొప్పులకి ఎవరో ఇచ్చిన గోలీలు కూడా దాచకుండా రాయాలి. కార్డుతో పాటు మాత్రల సంచి మొత్తం క్లినిక్‌కి తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, ‘ఇవి ఆపాలా, వాడాలా’ అని ఒక్కొక్కటీ చూపించి అడగాలి. అడిగితే డాక్టర్లు విసుక్కోరు, నిజానికి వాళ్ల పని తేలికవుతుంది. తన చికిత్స ఏమిటో తెలుసుకోవడం రోగి హక్కు, కువైట్ 2020లో తెచ్చిన 70వ నంబరు చట్టం రోగుల హక్కులను ప్రత్యేకంగా గుర్తించింది. రంజాన్‌లో ఉపవాసం ఉండే కడప, రాయచోటి సోదరులు నెల మొదలవక ముందే ఈ కార్డు చూపించి షుగరు మాత్రల వేళలు, మోతాదు మార్పించుకోవాలి.

ఊరెళ్లేటప్పుడు ఇక్కడి క్లినిక్ కాగితాలు అక్కడి డాక్టరుకి చూపించాలి. తిరిగొచ్చిన మొదటి వారంలోనే కార్డు కొత్తగా రాసుకుని, పాతది చింపేయాలి. జేబులో రెండు కార్డులుంటే అంబులెన్సులో వచ్చిన నర్సుకి వాటిలో ఏది ఇప్పటిదో తెలిసే దారి ఉండదు.