నిలిచిన కారులో బ్యాటరీ యడుగంటుట



గత శీతకాలమున నొక యర్ధరాత్రము మా పెదతండ్రిగారికి గుండెనొప్పి వచ్చెను. వైద్యశాలకు బోవుటకై తాళము త్రిప్పితిని; నాలుగు దినములుగా నిలిచియున్న కారు కదలలేదు. పొరుగువారి బండి దొరకుటచే ప్రాణము దక్కినది. అంతకుముందే యొక క్రొత్త బ్యాటరీ కొనియుంటిని. కావున నీమారు కొనక, కారణము వెదకితిని.

కుండలో నీరు లేకపోవుటకు మూడు హేతువులు గలవు: కుండ పగిలియుండుట, నీరు చాలినంత పోయకుండుట, ఎవరో చాటున త్రావుచుండుట. బ్యాటరీయు నట్లే.

మొదట దానిని నిండుగా చార్జి చేయించి, తీగలు విప్పి రెండు దినము లుంచితిని. 12.6 వోల్టులు చూపెను, బ్యాటరీ మంచిదే. ఇంజను నడచుచుండగా 14 వోల్టులు వచ్చెను, చార్జియు సరియే. ఇక మిగిలినది చాటున త్రావుట.

మెకానిక్కును బిలిచి, ఇంజను నాపి, తలుపులు మూసి, ఋణధ్రువపు తీగను విప్పి, నడుమ అమ్మీటరును గూర్చి యరగంట వేచితిమి. కారులోని యెలక్ట్రానిక్ యంత్రములు నిద్రించుట కంత కాలము పట్టును. 50 మిల్లీయాంపియర్లకు లోబడి యుండవలసినది 450 చూపెను. ఫ్యూజుల నొక్కొక్కటిగా దీయగా, డిక్కీదీపపు ఫ్యూజు దీసినంతనే 30కి దిగెను. మూత వేసినను దీప మారుట లేదు! 5 వాట్ల యా చిన్నదీపము దినమునకు 10 ఆంపియరు గంటలు త్రావును. 40 ఆంపియరు గంటల బ్యాటరీకి నాలుగు దినములే యాయువు.

చెడిన స్విచ్చిని మార్చుటతో బాధ తీరెను. అమ్మీటరు తగిలించియున్నపుడు ఇంజనును నడపరాదు సుమండీ. కుండను మార్చుటకు ముందు, త్రావువానిని బట్టుకొనుడు.