కారు వెనక 'టక్ టక్'

నాన్నగారికి హైదరాబాద్ బదిలీ ఉత్తర్వు వచ్చిన వారంలోనే మా కారు వెనక నుంచి శబ్దం మొదలైంది. అప్పుడు మేము సూరత్‌లోని భేస్తాన్‌లో ఉంటున్నాం. ఉధ్నా నుంచి సచిన్ మీదుగా నవ్‌సారి వెళ్లే రోడ్డు మాకు దగ్గరే. వానాకాలంలో ఆ దారిలో గుంతలు తప్పించుకుంటూ వెళ్లాలి. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ వెనక 'టక్' మనేది.

సామాను లారీలో పంపి, మేము కారులో వెళ్లాలనుకున్నాం. రెండు రోజుల ప్రయాణం. ఒక గ్యారేజీలో చూపిస్తే, వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు విని అమ్మ, "ఇక్కడే అమ్మేసి రైల్లో పోదాం" అంది. అక్కకూ నాకూ మనసొప్పలేదు.

పాండేసరాలో ఒక చిన్న షెడ్డు నడిపే మెకానిక్ అన్న తెలుగువాడే. మరమగ్గాల పని కోసం వాళ్ల నాన్న తెలంగాణ నుంచి సూరత్ వచ్చారట. "మార్చుడు తర్వాత సార్, ముందు ఏం పోయిందో చూద్దాం" అన్నాడు. ఆయన వరసగా చేసిన పరీక్షలివి.

మొదట డిక్కీ ఖాళీ చేయించాడు. వదులుగా ఉన్న స్టెప్నీ, జాకీ కూడా అచ్చం ఇలాగే చప్పుడు చేస్తాయట. అవన్నీ తీసినా శబ్దం పోలేదు.

తర్వాత కారు వెనక మూలను గట్టిగా కిందికి నొక్కి వదిలాడు. అది ఒక్కసారి పైకి లేచి నిలిచిపోయింది. షాక్ అబ్జార్బర్ పాడైతే కారు రెండు మూడుసార్లు ఊగుతుంది, దాని మీద నూనె కారిన మరక కూడా ఉండవచ్చు. మాదానికి ఆ రెండూ లేవు.

మూడోసారి కారును నెమ్మదిగా ముందుకూ వెనక్కూ నడుపుతూ బ్రేకు వేయమన్నాడు. వేసిన ప్రతిసారీ 'టక్'! చివరికి కారును పైకెత్తి, బుష్ పక్కన ఇనుప కడ్డీ పెట్టి కదిపాడు. నల్లటి రబ్బరులో వేలి గోరు దూరేంత పగులు కనిపించింది.

ఇంతకీ బుష్ అంటే ఏమిటి? బయట ఒక ఇనుప కట్టు, లోపల ఒక ఇనుప గొట్టం, రెంటికీ మధ్య అతుక్కుని ఉండే రబ్బరు. చాలా చిన్న కార్లలో వెనక చక్రాలు రెండూ టార్షన్ బీమ్ అనే ఒకే దూలానికి ఉంటాయి. ఆ దూలాన్ని కారు బాడీతో కలిపేచోట, అటొకటి ఇటొకటి బుష్‌లు ఉంటాయి. చక్రం గుంతలో పడి లేచినప్పుడు రబ్బరు కొద్దిగా మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఇనుముకు ఇనుము తగలనివ్వదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కనుక్కున్నాడు. అలాంటి రబ్బరైనా ఎండకు, వేడికి, నూనెకు ఏళ్ల తరబడి గురైతే పగులుతుంది. అప్పుడు శబ్దమే కాదు, మలుపుల్లో కారు వెనక భాగం పక్కకు జరిగినట్టు ఉంటుంది, టైర్లు ఎగుడుదిగుడుగా అరుగుతాయి.

మార్చే పని మాత్రం ఇంట్లో చేసేది కాదు. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వాటిని పైకెత్తాక అది కారును ఆపలేదు. అందుకే అన్న ముందు చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్ల మీద నిలిపాడు. దూలాన్ని దించేటప్పుడు బ్రేకు గొట్టాలు లాగుకుపోకుండా చూసుకున్నాడు. పాత బుష్ ఏ వైపు తిరిగి ఉందో సుద్దతో గుర్తు పెట్టాకే, బోల్టు బిగిస్తే లాగే పనిముట్టుతో దాన్ని బయటికి తీశాడు. కొత్తదాన్ని సబ్బునీళ్లు రాసి, గుర్తు ప్రకారం ఎక్కించాడు. గ్రీజు రాస్తే రబ్బరు పాడవుతుందట. ఒకవైపే పగిలినా రెండువైపులా మార్చాడు.

అంతా అయిందనుకున్నాం. కానీ ఆయన బోల్టులు పూర్తిగా బిగించలేదు. కారును చక్రాల మీదికి దింపి, బరువు పడ్డాకే బిగించాడు. ఎందుకని అడిగాం. "చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోతది చెల్లె. ఎప్పుడూ మెలికలోనే ఉంటే తొందరగా చిరుగుతది" అన్నాడు.

మన ఇళ్లలో పాత కారుతోనే ఊళ్లు మారుతుంటాం. బయలుదేరే ముందు శబ్దం వస్తే, "ఏది మార్చాలి?" అని కాదు, "ఏది పాడైందో చూపిస్తారా?" అని అడగండి. బుష్‌లు మారిస్తే, బోల్టులు చక్రాలు నేల మీద ఉన్నప్పుడు బిగించారా అని కూడా అడగండి.

మా కారు అమ్మలేదు. హైదరాబాద్ చేరేదాకా వెనక నుంచి వినిపించిన చప్పుడు ఒక్కటే, అమ్మ డిక్కీలో సర్దిన స్టీలు డబ్బాలది.