ఫెర్రాన్ కొరోమినాస్

ఫెర్రాన్ కొరోమినాస్ (జననం: 1983 జనవరి 5) స్పెయిన్ దేశానికి చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు. క్రీడాలోకంలో కోరో అనే పేరుతో ప్రసిద్ధుడు. స్పెయిన్, సైప్రస్, భారతదేశాలలో అనేక క్లబ్బులకు ముందువరుస ఆటగాడిగా ప్రాతినిధ్యం వహించాడు. స్వదేశంలో ఒకే ఒక్క గోల్ ద్వారా గుర్తుండిపోయిన ఇతడు, వృత్తి జీవితపు చివరి దశలో భారతదేశానికి వచ్చి ఇండియన్ సూపర్ లీగ్‌లో (ఐ.ఎస్.ఎల్.) అత్యధిక గోల్స్ రికార్డును నెలకొల్పాడు.

ఎస్పాన్యోల్

కొరోమినాస్ కాటలోనియా ప్రాంతంలోని జిరోనా సమీపాన ఉన్న విలోబి దోన్యార్‌లో జన్మించాడు. బార్సిలోనా నగరానికి చెందిన ఎస్పాన్యోల్ క్లబ్బు యువజట్టులో శిక్షణ పొంది ప్రధాన జట్టులోకి ప్రవేశించాడు. ఆ కాలంలో జట్టుకు ప్రధాన స్ట్రైకర్ రౌల్ తముదో. అందువల్ల కోరో ఎక్కువగా మైదానపు అంచున గానీ, తముదోకు తోడుగా గానీ ఆడేవాడు. తరచూ ప్రత్యామ్నాయ ఆటగాడిగా బరిలోకి దిగేవాడు.

2006 ఏప్రిల్ 12న మాడ్రిడ్‌లో జరిగిన కోపా దెల్ రే ఫైనల్లో ఎస్పాన్యోల్ 4-1 తేడాతో జరగోజాను ఓడించింది. ఇందులో ఒక గోల్ కోరోది. అయితే అదే సంవత్సరం లీగ్ పోటీలలో జట్టు పరిస్థితి దయనీయంగా మారింది. స్పెయిన్ ప్రథమ శ్రేణి లీగ్ అయిన లా లిగాలో చివరి మూడు స్థానాలు పొందిన జట్లు రెండవ శ్రేణికి దిగిపోవలసి ఉంటుంది. 2006 మే 13న చివరి పోటీలో రియల్ సోసిదాద్‌పై 90 నిమిషాలు ముగిసేసరికి ఎస్పాన్యోల్ ఒక్క గోల్ కూడా చేయలేదు. రిఫరీ కలిపిన అదనపు నిమిషాలలో కోరో గోల్ సాధించడంతో ఎస్పాన్యోల్ ప్రథమ శ్రేణిలో నిలిచింది, అలావెస్ జట్టు కిందికి దిగింది.

మరుసటి సీజన్ యూఫా కప్ సెమీఫైనల్లో వెర్డర్ బ్రెమెన్‌పై రెండు పోటీలలోనూ గోల్స్ చేశాడు. ఫైనల్లో ఎస్పాన్యోల్ పెనాల్టీ షూటౌట్‌లో సెవియా చేతిలో ఓడిపోయింది.

ఇతర క్లబ్బులు

ఎస్పాన్యోల్ తరువాత ఒసాసునా, జిరోనా, ఎల్చే, మయోర్కా క్లబ్బులకు ఆడాడు. 2012-13లో రెండవ శ్రేణి విజేతగా నిలిచి లా లిగాకు చేరిన ఎల్చే జట్టులో ఇతడు సభ్యుడు. అనంతరం సైప్రస్ క్లబ్బు దోక్సా కతోకోపియాస్‌లో చేరాడు. అప్పటివరకు లా లిగాలో ఏ సీజన్‌లోనూ ఇతడి గోల్స్ రెండంకెలకు చేరలేదు.

భారతదేశంలో

2017లో, 34 ఏళ్ళ వయసులో ఎఫ్.సి. గోవా క్లబ్బులో చేరాడు. జట్టు శిక్షకుడు సెర్జియో లోబెరా పూర్వం బార్సిలోనా క్లబ్బులో సహాయ శిక్షకుడు. బంతిని తమ అధీనంలో ఉంచుకొని చిన్న చిన్న పాస్‌లతో ముందుకు సాగే ఆ జట్టులో కోరోకు ప్రధాన స్ట్రైకర్ స్థానం లభించింది. బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్ జట్లపై వరుసగా రెండు హ్యాట్రిక్‌లు సాధించాడు.

ఐ.ఎస్.ఎల్.లో కోరో గోల్స్:
* 2017-18: 18 (గోల్డెన్ బూట్)
* 2018-19: 16 (గోల్డెన్ బూట్)
* 2019-20: 14

మొత్తం 57 పోటీలలో 48 గోల్స్. 2019 మార్చిలో జరిగిన ఐ.ఎస్.ఎల్. ఫైనల్లో గోవా బెంగళూరు చేతిలో ఓడినా, ఏప్రిల్‌లో భువనేశ్వర్‌లో చెన్నయిన్‌ను 2-1తో ఓడించి సూపర్ కప్ గెలుచుకుంది. ఈ ఫైనల్లోనూ కోరో ఒక గోల్ చేశాడు. 2019-20 లీగ్ దశలో గోవా ప్రథమ స్థానం పొంది, ఏ.ఎఫ్.సి. ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశకు అర్హత సాధించిన తొలి భారతీయ క్లబ్బుగా నిలిచింది. ఆ సీజన్ ముగిశాక 2020లో కోరో గోవాను వీడాడు.

రికార్డు

కోరో నెలకొల్పిన 48 గోల్స్ రికార్డును 2022 జనవరిలో హైదరాబాద్ ఎఫ్.సి. తరఫున ఆడుతున్న నైజీరియా క్రీడాకారుడు బార్తలోమ్యూ ఒగ్బెచే అధిగమించాడు. లా లిగా, ఐ.ఎస్.ఎల్.ల స్థాయి ఒకటి కాదు కనుక రెండు చోట్ల చేసిన గోల్స్‌ను నేరుగా పోల్చడం సరికాదు. అయినప్పటికీ, స్ట్రైకర్ గణాంకాలు అతడి ప్రతిభతో పాటు జట్టులో అతడికి లభించే స్థానంపైనా, బంతిని అందించే సహచరులపైనా ఆధారపడి ఉంటాయనడానికి కోరో క్రీడాజీవితం చక్కని ఉదాహరణ.