గాజుపలక మీద చుక్కలు, కాగితం మీద పూలు

చీకట్లో మనిషి కన్ను వెలుతురును పోగుచేసుకోలేదు. రెటీనా మీద పడిన కాంతిని అది సెకనులో చిన్న వంతు సేపే పట్టి ఉంచుతుంది. ఆలోగా పాత బొమ్మ చెరిగి కొత్త బొమ్మ వస్తుంది. చీకటికి అలవాటు పడ్డాక ఒక మసక చుక్కను గంటసేపు తదేకంగా చూసినా అది అంతకంటే ప్రకాశంగా కనిపించదు. ఫొటో పలక తీరు వేరు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ పడుతున్న వెలుతురంతా దాని ఖాతాలో జమ అవుతూనే ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఖగోళ శాస్త్రజ్ఞులు పెన్సిలు పక్కనబెట్టి కెమెరా పట్టుకోవడానికి అసలు కారణం ఇదే. చెట్టూ చేమా, చేపా పామూ విషయంలో మాత్రం కుంచె అంత తేలిగ్గా చోటు ఖాళీ చేయలేదు. ఈ రెండు కథలూ తెలుగునేల మీదా, దాని పొరుగునా బాగానే నడిచాయి.

వెలుతురును జమ చేయడంలో ఒక చిక్కుంది. భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరిగిపోతున్నట్టు కనిపిస్తుంది. రెండు నిమిషాల్లో చుక్క చందమామ వెడల్పంత దూరం పోతుంది. తిరువళ్ళూరు పక్కనున్న మణవాళనగర్‌లో ఒక డాబా మీద ట్రైపాడ్ నిలబెట్టి, కెమెరాను ఉత్తరానికి తిప్పి, గంటపాటు వరసగా తీసిన ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే చుక్కలన్నీ గీతలైపోతాయి. ఆ గీతల వలయాలకు నడిబొడ్డున ధ్రువనక్షత్రం దాదాపు కదలకుండా ఉంటుంది. ఈ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా 13 డిగ్రీల మీద ఉంది కాబట్టి ధ్రువుడు కూడా దిగంతానికి 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే ఒక పిడికిలి మీద ఇంకో పిడికిలి పెడితే ధ్రువుడు మరుగున పడిపోతాడు. లండన్‌లో తీసే ఫొటోల్లో వలయాలు నిండుగా గుండ్రంగా వస్తే, ఇక్కడ పెద్దవి సగంలోనే నేలలోకి దిగిపోతాయి. చుక్కలు గీతలు కాకుండా చుక్కలుగానే రావాలంటే ఫొటోగ్రాఫర్లు ఒక మోటు లెక్క వాడతారు: 500ను లెన్స్ మిల్లీమీటర్లతో భాగించాలి. 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో సుమారు 20 సెకన్లకు మించకూడదన్న మాట.

మణవాళనగర్‌కు తూర్పున చెన్నై వెలుగు ఆకాశాన్ని కాషాయం చేసేస్తుంది. 1960లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారిన తిరుత్తణి వైపు, అంటే పడమటికి పోయేకొద్దీ, చీకటి చిక్కబడుతుంది. ఉత్తరాన ధ్రువుడు కుంగిపోవడం నష్టమే గానీ దక్షిణాన దానికి బదులు దొరుకుతుంది. యూరప్‌లో చాలాచోట్ల ఎన్నడూ ఉదయించని అగస్త్య నక్షత్రం జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో ఇక్కడ 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బు. సంక్రాంతి తర్వాతే ఇక్కడ ఆకాశం ఫొటోలకు అనువు.

ఆకాశాన్ని ఫొటో తీయడం తెలుగువాళ్ళ ఊళ్ళలో ఎప్పుడో మొదలైంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణానికి గుంటూరులో రెండు బృందాలు మకాం వేశాయి. ఒకటి ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సన్‌ది, రెండోది బ్రిటిష్ ఇంజనీరు టెనంట్‌ది. జాన్సన్ వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున లేచే జ్వాలల్ని పరిశీలించి, వాటిని చూడటానికి గ్రహణమే అక్కర్లేదని మర్నాడే తేల్చాడు. టెనంట్ బృందం ఫొటోలు తీసింది. అప్పటి గాజుపలక తడిది. దాని మీద కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, ఆరిపోకముందే కెమెరాలో పెట్టి, ఆరిపోకముందే కడగాలి. ఆగస్టు నెల గుంటూరులో అది ఎంత త్వరగా ఆరిపోతుందో చెప్పనక్కర్లేదు. సూర్యుడు పూర్తిగా కప్పబడి ఉన్నది అయిదు నిమిషాల పైచిలుకు మాత్రమే. ఆ హడావిడిలో దొరికిన పలకల మీద సూర్యుడి అంచు నుంచి కొమ్ములా లేచిన ఒక జ్వాల స్పష్టంగా పడింది. అంతకు ముందు గ్రహణాల్లో పక్కపక్కన నిలబడి గీసిన ఇద్దరి బొమ్మలు కూడా కలిసేవి కావు. పలకతో ఆ తగువు తీరింది.

పొడి పలకలు వచ్చాక సంగతి పూర్తిగా మారింది. 1882లో దక్షిణాఫ్రికాలోని కేప్ పరిశోధనాలయంలో డేవిడ్ గిల్ ఒక తోకచుక్కను ఫొటో తీయిస్తే, వెనక వేలకొద్దీ నక్షత్రాలు అడక్కుండానే వచ్చి పడ్డాయి. దాంతో ఆకాశం మొత్తానికీ ఫొటోలతో పటం తయారుచేయాలని 1887లో పారిస్‌లో సమావేశమై నిర్ణయించారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి దేశదేశాల పరిశోధనాలయాలకు పంచారు. మొదట చిలీ దేశపు శాంటియాగోకు ఇచ్చిన పట్టీ, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్నది, చివరకు హైదరాబాదుకు వచ్చింది.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత ముచ్చటతో 1901లో పెట్టిన పరిశోధనాలయమే నిజామియా. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. బేగంపేటలో ఎనిమిదంగుళాల కుక్ ఫొటో దూరదర్శిని నిలిపి చాట్‌వుడ్ పని ఆరంభించాడు, పోకాక్ సాగించాడు. తర్వాత టి.పి. భాస్కరన్ దశాబ్దాలపాటు ఆ భారం మోశారు. దూరదర్శిని గడియారపు యంత్రంతో ఆకాశంతోపాటే తిరుగుతుంది. అయినా ఒకరు పక్క గొట్టంలో కన్ను పెట్టి, ఎంచుకున్న చుక్క గీత దాటకుండా చేత్తో సవరిస్తూనే ఉండాలి.

ఒక పలక తీసుకుని చూస్తే ఈ శ్రమ తెలుస్తుంది. గాజు మీద పడేది ఆకాశంలో రెండు డిగ్రీల చదరం. ఒక్కో మిల్లీమీటరూ ఆకాశంలో ఒక కళకు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు సమానం. చుక్కల ఫొటోతోపాటే అయిదేసి మిల్లీమీటర్లకు ఒక గీత చొప్పున సన్నని గళ్ళు కూడా పలక మీద అచ్చు పడతాయి. కడిగిన పలక చూస్తే తెల్లని గాజు మీద నల్లని మచ్చలు. అవే నక్షత్రాలు. ఒక్కో మచ్చనూ సూక్ష్మదర్శినిలో చూసి, దగ్గరి గీతల నుంచి ఎంత దూరమో కొలిచి, మచ్చ లావును బట్టి ప్రకాశం అంచనా కట్టి పుస్తకంలో రాసుకోవాలి. దుమ్ము కూడా నల్లమచ్చగానే కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడానికి పటం పలకల మీద ఒక ఉపాయం చేసేవారు. ఒకే పలక మీద మూడుసార్లు కాస్త జరిపి కాంతి పట్టేవారు. నక్షత్రమైతే మూడు చుక్కల చిన్న త్రికోణం కనిపిస్తుంది, దుమ్మయితే ఒక్కటే. హైదరాబాదు ఇలా కొలిచి అచ్చువేసిన నక్షత్రాలు 7.6 లక్షలకు పైమాటే. జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తిచేయలేకపోయిన పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల ఉత్తర భాగం కూడా అందులో ఉంది.

ఇదంతా దండగ శ్రమ అన్నవాళ్ళు ఆ రోజుల్లోనే ఉన్నారు, పూర్తిగా తప్పు కూడా కాదు. పటం చాలా పరిశోధనాలయాల్లో పూర్తి కానేలేదు. కానీ 1989లో ఆకాశంలోకి వెళ్ళిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలు కొలిచాక, అవి ఎటు ఎంత కదిలాయో తేల్చడానికి పాత స్థానాలు కావలసి వచ్చాయి. 2000లో వెలువడ్డ టైకో-2 జాబితా 25 లక్షల నక్షత్రాల కదలికలను లెక్కగట్టింది పాత గాజుపలకల కొలతలను ఆసరా చేసుకునే.

నిజామియాలో సహాయకుడిగా పనిచేసిన సునన్న బప్పు కొడుకే వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌కు వెళ్ళిన ఆయన 1949 జూలై 2న తీసిన పలకను పరిశీలిస్తుండగా అందులో కొత్త తోకచుక్క బయటపడింది. దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు. తిరిగి వచ్చి, దక్షిణాన చీకటి ఆకాశం వెతుక్కుంటూ జవ్వాది కొండల్లోని కావలూరును ఎంచుకున్నారు. అక్కడి 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరు పెట్టారు. ఆయన మాత్రం అప్పటికి నాలుగేళ్ళ ముందే పోయారు. 1988లో ఖగోళ శాస్త్రజ్ఞుడు రాజమోహన్ కావలూరులోనే ఫొటోల్లో ఒక గ్రహశకలాన్ని పట్టుకున్నారు. అది ఇప్పుడు 4130 రామానుజన్.

ఇక కుంచె కథ. పూల మొక్క ఆకాశంలా మసక కాదు, వెలుతురు సమస్య లేదు. సమస్య వేరు. ఫొటో ఒక మొక్కను ఒక క్షణంలో పట్టుకుంటుంది. మొగ్గ, పువ్వు, కాయ, గింజ ఒకే రోజు ఒకే కొమ్మకు ఉండవు. చిత్రకారుడు మూడు నెలలు కనిపెట్టుకుని ఉండి, వాటన్నిటినీ ఒకే కాగితం మీద చేరుస్తాడు. పురుగు తిన్న ఆకును వదిలేస్తాడు, ముఖ్యమైన కేసరాన్ని పెద్దది చేసి పక్కన గీస్తాడు.

పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా ఉన్నప్పుడు పాములను, చేపలను గీయించాడు. చేప రంగు ఒడ్డున పడిన కాసేపటికే వెలిసిపోతుంది కాబట్టి వల తీసిన వెంటనే చిత్రకారుడు సిద్ధంగా ఉండాలి. 1796లో వచ్చిన అతని పాముల పుస్తకంలో తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. కాటుకరేకుల పొడ అందులో ఉంది. శాస్త్రవేత్తలు ఆ తర్వాత దానికే రసెల్ పేరు పెట్టారు. పసుపు, నలుపు పట్టెల బంగారు పాము కూడా ఉంది. కట్లపాము జాతికి శాస్త్రనామమైన ‘బంగారస్’ పుట్టింది ఆ తెలుగు మాట నుంచే. అదే కాలంలో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులను పెట్టుకుని కోస్తా మొక్కలు గీయించాడు. 1795 నుంచి 1820 దాకా విడతలుగా వెలువడ్డ అతని ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ గ్రంథంలో 300 బొమ్మలున్నాయి.

మద్రాసు రాజధానిలో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ దగ్గర పనిచేసిన రంగయ్య, గోవిందు ఇద్దరూ తెలుగు మాట్లాడే రాజుల వర్గానికి చెందిన చిత్రకారులు. రంగయ్య తంజావూరు చిత్రకారుల సంప్రదాయంలోంచి వచ్చినవాడు. ఆయన తర్వాత గోవిందు ఆ పని అందుకున్నాడు. 1838 నుంచి 1853 దాకా అచ్చయిన వైట్ గ్రంథం ‘ఐకోనెస్’లో బొమ్మలు 2,101. అచ్చులో చాలామటుకు నలుపు గీతలే గానీ, ఎడిన్‌బరో వృక్షోద్యానంలో ఉన్న అసలు చిత్రాల్లో రంగులు ఇంకా నిలిచి ఉన్నాయి.

ఇప్పుడు పులికాట్ సరస్సు ఒడ్డున రాజహంసలను పొడుగాటి లెన్స్‌తో తీసేవాళ్ళు ఎగిరే రెక్కను సెకనులో రెండువేలవ వంతులో ఆపేస్తున్నారు. ఏ చిత్రకారుడి కంటికీ అది చిక్కదు. పూల ఫొటోలు తీసేవాళ్ళు దగ్గర నుంచి, దూరం నుంచి ఫోకస్ మార్చుతూ ఇరవై, ముప్ఫై ఫొటోలు తీసి కంప్యూటర్లో ఒకటిగా కలుపుతున్నారు. అయినా కొత్త మొక్కను శాస్త్రలోకానికి పరిచయం చేసే వ్యాసాల్లో నేటికీ గీసిన బొమ్మ తరచూ కనిపిస్తుంది. వైట్ ఒక ఆర్కిడ్ జాతికి తన చిత్రకారుడి పేరిట ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. తర్వాతి శాస్త్రవేత్తలు దాన్ని అంతకు ముందే ఉన్న ‘ట్రోపిడియా’లో కలిపేయడంతో ఆ పేరు వాడుకలోంచి పోయింది.