ఆధునిక కవితలో గణము, విరుపు: తెలుగు, చీనా పద్ధతులు

ఆధునిక కవిత ఛందస్సును విడిచినదా, మార్చుకొన్నదా యను ప్రశ్న పరిశోధక విద్యార్థులకు తరచు ఎదురగుచున్నది. పాదమునందలి మాత్రల మొత్తమును లెక్కించినంతనే దీనికి సమాధానము దొరకదని మా అభిప్రాయము.

గురజాడ అప్పారావుగారు 1910లో ప్రవేశపెట్టిన ముత్యాలసరములను గైకొందము. అందు మొదటి మూడు పాదములకును 14 మాత్రల చొప్పున నుండును. నాల్గవ పాదము కురుచ కావచ్చును. మూడు, నాలుగు మాత్రల గణములు ఒకదాని వెంట నొకటి నడచుటచే మిశ్రగతి యేర్పడును. ఈ నడక వృషభగతి రగడలో పూర్వమే కలదు. సరూర్‌నగరు చెరువును తలచి మేమొక పాదము కూర్చితిమి: 'చెరువు గట్టున నిలిచి చూచితి'. మాత్రలు 3, 4, 3, 4. 'నిలిచి చెరువు గట్టున చూచితి' అన్నను మాత్రలు 14. కాని ఏడవ మాత్ర కడ 'గ' యను గురువు రెండు గణముల నడుమ నడ్డుపడి గతి చెడినది. 'గట్టున చెరువు చూచితి నిలిచి' అన్నచో గణములు కుదురును. కాని 'గట్టు - నచెరువు' అని మాట విరుగును. కావున గతికి మాత్రాక్రమము, మాటల విరుపు రెండును ఆధారములు.

చీనాలో స్థితి వేరు. అచ్చటి ప్రాచీన పద్యము ప్రాయికముగా ఐదు లేక ఏడక్షరముల పాదములతో నడచెడిది. నియతపద్యములందు స్వరభేదముల కూర్పును కలదు. 1917లో హు షి వ్యావహారిక రచనకై పిలుపు నిచ్చిన పిదప ఆ కట్టు సడలినది. 1926లో వెన్ యీదువో, ఒక్క విరుపున పలుకబడు రెండు లేక మూడక్షరముల గుచ్ఛమును ప్రమాణముగా నిరూపించెను. ఆయన 'మృతజలము' అను కవితలో పాదమునకు తొమ్మిదక్షరములు: రెండక్షరముల గుచ్ఛములు మూడు, మూడక్షరముల గుచ్ఛ మొకటి. ఈ గుచ్ఛముల వరుస మాత్రము పాదపాదమునకు మారవచ్చును. మన ముత్యాలసరమున కట్టి స్వేచ్ఛ లేదు. మనకు గురులఘువులు కాలమానమును నిర్ణయించును. వెన్ పద్ధతిలో విరుపే మానము.

హైదరాబాదున కుందుర్తి ఆంజనేయులుగారు 1958లో ఫ్రీవర్స్ ఫ్రంటును నెలకొల్పి వచనకవితకు ప్రచారము కల్పించిరి. వచనకవితలో మాత్రాక్రమము నియతము కాదు, విరుపు మిగిలియున్నది. కావున దానిని పరిశీలించువారికి చీనా దృష్టాంతము తోడ్పడును. పంక్తి వాక్యాంతమున విరిగినదా, వాక్యమధ్యమున విరిగినదా, ఏ విరుపు మరల మరల వచ్చుచున్నది అని గుర్తింపవలెను. వచనకవితను ఛందోహీనమని త్రోసివేయుటయు, దానికి బలవంతముగా గణములను అంటగట్టుటయు సమముగా దోషములే. మొదట బిగ్గరగా చదివి, విరుపులను గుర్తించి, పిదప మాత్రలను లెక్కించుట యుక్తము.